వచ్చేనెల సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “వచ్చే నెల నుంచి ప్రపోజల్ మీద కూర్చుంటానన్నా!”

అవతారిక: పుదుచ్చేరిలోని కదిర్కామం ఇందిరాగాంధీ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివే యానాం కుర్రాడొకడు టీకొట్టు దగ్గర సీనియరుతో పలికినది. ప్రపోజల్ అనగా ఐసీఎంఆర్ 1979 నుంచి నడుపుతున్న స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్‌కు పంపవలసిన పత్రం. అది నెగ్గితే గైడు దగ్గర రెండు నెలల పరిశోధన. వాక్యం మాత్రం అపౌరుషేయం. పీహెచ్‌డీ శాఖలోనూ, ప్రొఫెసర్ల శాఖలోనూ స్వరం తప్పకుండా వల్లిస్తారు.

ప్రతిపదార్థం: వచ్చే నెల = ఎప్పటికీ రానిది. అధికమాసమని కొందరు, అదైనా రెండు మూడేళ్లకోసారి వస్తుంది కనుక ఆ వాదం నిలవదు. నుంచి = పంచమీ విభక్తి, ఇక్కడ అలంకారప్రాయం. కూర్చుంటాను = ఇప్పుడు లేచిపోతున్నాను. అన్నా = ఆపత్సంబోధన; ‘నీ పాత ప్రపోజల్ పంపవూ’ అని ధ్వని.

తాత్పర్యం: పోస్టింగులూ ఇంటర్నల్సూ లేని ఖాళీ వారం ఒకటి ఎక్కడో ఉందని కవి విశ్వాసం. లేదు. రోజూ ఓ అరగంట కేటాయించినవాడికే పత్రం పూర్తవుతుంది. అంతకన్నా ముఖ్యం, ప్రశ్న రెండు నెలల్లో ఇమడాలి. ‘పుదుచ్చేరిలో మధుమేహం’ అన్నది పురాణం. ‘మా ఓపీకి వచ్చే మధుమేహులు పాదాలను ఎలా చూసుకుంటున్నారు’ అన్నది పని. ఓపీ రిజిస్టరు తిరగేసి, రెండు నెలల్లో ఎందరు దొరుకుతారో ముందే లెక్క చూసుకోవాలి. తరవాత అంకెలు లేని పట్టికలు గీయాలి. ఏ గడికీ అక్కరలేని ప్రశ్నను ప్రశ్నావళి నుంచి నిర్దాక్షిణ్యంగా కొట్టేయాలి. రోగి ఓపిక కూడా మిగులుతుంది.

విశేషం: ‘డేటా ముందు, ఎథిక్స్ కమిటీ తరవాత’ అనే అపవ్యాఖ్య ప్రచారంలో ఉంది. త్యాజ్యం. అనుమతి రాకముందు అడిగిన ప్రశ్నలకు తరవాతి సంతకం ప్రాణం పోయదు. అందుకే ఆ కమిటీకి పెట్టే దరఖాస్తు అన్నిటికన్నా ముందు కదలాలి.

మరొక విశేషం: మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అనవసరమైనది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మొదటి సగం రిఫరెన్సులకు, రెండో సగం ఉపోద్ఘాతానికి వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య చరిత్రతో మొదలయ్యే ఉపోద్ఘాతాలను ఆయన చూడకపోవడం ఆయన అదృష్టం.

పాఠాంతరం: ‘రేపటి నుంచి’ అని హాస్టల్ ప్రతి. అర్థభేదం లేదు.