సంచిలో సంసారం

బ్యాక్‌ప్యాక్ జంటను ఎయిర్‌పోర్టులో ఎవరైనా ఇట్టే పోల్చుకోగలరు. వీపున ఒక సంచి, పొట్టమీద ఇంకో సంచి తగిలించుకుని, చక్రాల సూట్‌కేసు లాక్కెళ్ళేవాళ్ళను జాలిగా చూస్తూ నడుస్తారు. హైదరాబాదులో ఇద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఫ్లాటుకు ఈఎంఐ. పాలవాడికీ పనమ్మాయికీ చెప్పి, గ్యాస్ కట్టేశామో లేదో అని రెండుసార్లు అనుమానపడి బయల్దేరారు. ఆగ్నేయాసియా అంతా చుట్టిరావాలని సంకల్పం. మొదటి మజిలీ సింగపూరు. తాము టూరిస్టులం కామనీ, ఇల్లూ వాకిలీ అలవాట్లూ వదిలేసి లోకం చూడబోతున్న సంచారులమనీ వాళ్ళంటారు. అందులో సగమే నిజం. ఇల్లు వదిలారు గానీ సంసారం వదల్లేదు. చౌక విమానాలు చేతి సామానుకు సాధారణంగా పెట్టే 7 కిలోల హద్దులోనే దాన్ని మడతపెట్టి సర్దుకొచ్చారు. దిగిన మూడు రోజుల్లో మళ్ళీ విప్పి పరిచేస్తారు. ఊరు సుఖమైనదైతే అన్ని రోజులు కూడా పట్టదు.

కష్టపెట్టే ఊళ్ళో కాపురానికి తీరిక దొరకదు. ఆటోవాడితో బేరాలు, కరెంటు కోతలు, బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక పరుగులు, వీటితోనే పొద్దు గూకుతుంది. సింగపూరు అలాంటి సాయమేమీ చెయ్యదు. బ్యాంకు కార్డు తాకిస్తే మెట్రో గేటు తెరుచుకుంటుంది. కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు. స్టేషన్ బోర్డుల మీద ఇంగ్లీషు, చైనీస్‌లతో పాటు తమిళం కూడా కనిపించి, దారి తప్పుదామన్న ఉత్సాహాన్ని నీరుగారుస్తుంది. సాహసానికని తెచ్చుకున్న టార్చీ, విజిలూ, నీళ్ళు శుద్ధిచేసే బిళ్ళలూ సంచి అడుగునే పడుంటాయి. ఊరితో పోట్లాడే అవసరం లేకపోయాక, మిగిలిన ఓపికతో ఇద్దరూ చేసే పని ఒక్కటే: కాపురం పెట్టడం.

సాక్ష్యం కావాలంటే లిటిల్ ఇండియాలోనో చైనాటౌన్‌లోనో ఉన్న హాస్టల్ గది చూడాలి. పైనొకటి కిందొకటి మంచాలు, ఒక్కోదానికి ఒక తెర, ఒక ప్లగ్గు, ఒక బుల్లి దీపం. మొదటి సాయంత్రానికే మంచం కమ్మీకి తడి తువ్వాలు వేలాడుతుంది. పైమంచం ఆయనది, కింది మంచం ఆవిడది; గోడకున్న ఒకే ఒక్క కొక్కెం ఎవరిదన్నది ఇంకా తేలలేదు. పచ్చడిని సెక్యూరిటీవాళ్ళు రానివ్వరని తెచ్చిన కందిపొడి దిండు పక్కన చోటు చేసుకుంటుంది. రెండోరోజు ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణాన్ని వింతగా చూడబోయి, బట్టల క్లిప్పులు కొనుక్కొస్తారు. ఇక తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్ల సంగతి. 2020లో యునెస్కో గుర్తింపు పొందిన సంస్కృతి అది. క్యూలో నిలబడే ముందు బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు పట్టుకోవడం అక్కడి ఆచారం. దాన్ని ‘చోప్’ అంటారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు సంపాదించిన జాతికి టిష్యూ ప్యాకెట్ ఒక లెక్కా? ఊరు రుచులన్నీ చూస్తామని ప్రతిజ్ఞ చేసినవాళ్ళు మూడోరోజుకల్లా ఒకే కొట్టుకు కట్టుబడిపోతారు: ఆవిడకు కండెన్స్‌డ్ పాలు పోసిన కోపీ, ఆయనకు పాలు లేని కోపీ-ఓ. తిన్న ట్రే ఎవరిది వాళ్ళే తీయాలి; 2021 నుంచి తీయనివాళ్ళకు జరిమానా వేసే నిబంధన అమల్లో ఉంది. ఇంట్లో కంచం ఎత్తని పురుషుడు అక్కడ ట్రే ఎత్తుతుంటే ఆవిడ ఫొటో తీసి, “మీ అబ్బాయే అత్తయ్యా, నమ్మండి” అని పంపుతుంది. “అక్కడ పనిమనుషులు దొరకరా అమ్మా?” అని వెంటనే జవాబొస్తుంది.

ఇవి డబ్బు కలిసిరావడానికి పడే పాట్లు గానీ కాపురం కాదని ఎవరైనా అనవచ్చు. డబ్బే సంగతైతే, హాస్టల్లో రెండు పడకల అద్దె కలిపితే చాలాసార్లు చిన్న హోటల్ గది అద్దెకు దగ్గరగా వస్తుంది. ఒక్క స్టేషన్ దూరమే కదా అని మెట్రో ఛార్జీ మిగిల్చి ఎండలో నడిచి, దాహమేసి అంతకు మించి పెట్టి నిమ్మరసం తాగుతారు. ఆ రెండు ఖర్చులూ రాత్రి ఫోన్‌లో రాసుకుంటారు, నిమ్మరసం ఎవరి ఐడియా అన్నదానితో సహా. సంచారి ఖర్చుపెట్టి మరిచిపోతాడు. పద్దు రాసి, దానిమీద వాదించుకునేది సంసారులే.

వీళ్ళు కొత్తవాళ్ళు, అసలు సిసలు బ్యాక్‌ప్యాకర్లు ఇలా ఉండరన్నది ఇంకో అభ్యంతరం. అయితే ఆ మతానికి ఆదిదంపతుల్నే చూద్దాం. టోనీ, మౌరీన్ వీలర్‌లు 1972లో లండన్ నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా చేరేసరికి చేతిలో మిగిలింది 27 సెంట్లు. 1973లో ఆ ప్రయాణం మీద పుస్తకం వేశారు. లోన్లీ ప్లానెట్ అలా పుట్టింది. తర్వాత ఆగ్నేయాసియా తిరిగి, 1975లో వచ్చిన రెండో పుస్తకాన్ని రాయడానికి సింగపూరులో ఒక చిన్న చైనీస్ హోటల్లో మకాం పెట్టారు. పరాయి ఊళ్ళలో పైసా పైసా చూసుకుని తిరగడమెలాగో లోకానికి చెప్పడానికి కూడా ఒక గది, ఒక చోట కుదురు కావలసి వచ్చాయన్నమాట.

మరి అంతదూరం వెళ్ళి కాపురం చెయ్యడమెందుకు, ఇక్కడే చేసుకోవచ్చుగా? చేసుకోవచ్చు గానీ ఇక్కడ ఎవరెంత మోస్తున్నారో కనిపించదు. పనమ్మాయి, ఫ్రిజ్, ఫోన్లో సలహాలిచ్చే ఇద్దరమ్మలు కలిసి బరువంతా దాచేస్తారు. సంచిలో ప్రతి వస్తువూ ఒకరి వీపుమీదే ఉంటుంది. పైగా సింగపూరులో తప్పు ఊరిమీదకు నెట్టే వీల్లేదు. రైలు వేళకే వచ్చింది, ఆలస్యమైంది మనమే. జాతకాలు చూసే పెద్దలు ఈ పరీక్షను ఆలోచించాలి: చెరో 7 కిలోల సంచి ఇచ్చి మూడు రోజులు అక్కడ వదిలితే, పద్దెనిమిది గుణాలు కలిశాయో లేదో తేలిపోతుంది. పెళ్ళికి ముందే పంపడమేమిటని గుడ్లురమాల్సిన పనిలేదు; హాస్టల్ గదిలో మరో ఆరుగురుంటారు, కాపలాకు లోటు రాదు.