మహారాజ పోషకులు

పాత సాహిత్య పత్రికల్లో చందాదారులు, రాజపోషకులు, మహారాజ పోషకులు అని జాబితాలు వేసేవారు. నూటపదహార్లు సమర్పించుకున్న పెద్దల పేర్లవి. ఆ పెద్దలు పోయారు, జాబితాలూ పోయాయి. పోషణ బాధ్యత మాత్రం ఒక్కడి నెత్తిన పడింది. తెలుగు ప్రచురణరంగాన్ని ఇవాళ సొంత జీతంతో సాకుతున్న ఆ మహారాజ పోషకుణ్ణి రచయిత అంటారు.

ఒకప్పుడు లోకం తలకిందులుగా ఉండేది. రాసినవాడికే ఎదురు డబ్బిచ్చేవారు! ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి ‘సెక్రటరీ’, ‘ఆంధ్రభూమి’ వీక్లీలో యండమూరి ‘తులసిదళం’ నడుస్తుంటే జనం పత్రిక కొనుక్కుని మరీ చదివారు. అలాంటి దురలవాట్లకు కరోనా మంగళం పాడింది. 2020లో ఆంధ్రభూమి, నవ్య ఆగాయి. మరుసటి ఏడాది చతుర, విపుల వెళ్లిపోయాయి. ఇక రచయితకు అడ్డేముంది? నేరుగా పుస్తకమే వేసేయొచ్చు.

వేస్తానంటే వద్దనేవాడు లేడు. స్క్రిప్టు మెయిల్ చేసిన గంటకే ఫోను వస్తుంది. “చదివానండీ, అద్భుతం. ఇంతకీ కథలా, కవితలా?” ఆ తర్వాత సిల్వర్ ప్యాకేజీ, గోల్డ్ ప్యాకేజీ. గోల్డులో ఐఎస్‌బీఎన్ కూడా ఇస్తారట. ఆ నెంబరు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుందని మనవాడికి ఎవరు చెప్పాలి? ప్రూఫులు చూడడం కూడా ప్యాకేజీలో ఉంది, చూడాల్సింది రచయితే. అట్ట మీది బొమ్మ ఏఐ వేసిపెడుతుంది. అమ్మాయి చేతికి ఆరు వేళ్లొచ్చినా ఫర్వాలేదు, కథలో అమ్మాయే లేదు కాబట్టి.

లెక్క కూడా సులువే. వెల 200 అనుకోండి. దుకాణం కమీషను నలభై శాతం, 80 పోయింది. తక్కువ కాపీలు కాబట్టి అచ్చుకు వంద పడిందనుకుందాం. మిగిలిన ఇరవై పెట్టి విజయనగరంలో ఉన్న అభిమానికి పుస్తకం పంపాలి. చవగ్గా పోయే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. కనక ఆ ఇరవైకి ఇంకొంత జేబులోంచి వేసుకోవాలి. ఎంత ఎక్కువ అమ్మితే అంత అప్పు. బెస్ట్ సెల్లర్ అయితే ఇల్లు తాకట్టే.

ఆవిష్కరణ మరో ముచ్చట. ఆ సాయంత్రం రచయిత తానే పెళ్లికొడుకు అనుకుంటాడు గానీ, నిజానికి పెళ్లికూతురి తండ్రి. గానసభ హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువాలు, జ్ఞాపికలు, సమోసాలు, అందరికీ దండాలు. వేదిక మీద ముఖ్య అతిథి అప్పుడే పుస్తకం తెరిచాడు చూడండి. పక్కాయన మాట్లాడుతుంటే విషయసూచిక మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయి, ఒక కథ పేరు దగ్గర ఆగి, చీటీ మీద రాసుకున్నాడు. తన వంతు రాగానే “పూర్తిగా చదివే అవకాశం కలగలేదు కానీ” అని మొదలుపెట్టి నలభై నిమిషాలు గురజాడ గురించి చెప్పాడు. పాపం, గురజాడకైనా న్యాయం జరిగితే బావుణ్ణు.

కుర్రాళ్ల దారి వేరు. శ్రీశ్రీ 1930ల్లో రాసిన కవితలు ‘మహాప్రస్థానం’గా రావడానికి 1950 దాకా పట్టింది. రీలు తీయడం తెలియని మనిషి! ఇప్పుడు ముందు కవర్ లాంచ్, తర్వాత ప్రీబుకింగ్, తర్వాత రచయిత కళ్లు తుడుచుకునే వీడియో, వీలైతే నవల. యాప్‌లో సీరియల్ రాసేవాళ్లదీ కష్టమే. కథ అయిపోయినా పాఠకులిచ్చే కాయిన్లు వస్తూనే ఉంటే, చచ్చిన అత్తగారిని రెండొందలో భాగంలో లేపాలి కదా.

సర్కారు సంగతి మరిచిపోయాను. మీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. అంటే పుస్తకం ముట్టనివాడు కూడా పుస్తకాలకు డబ్బు కట్టేశాడు. ఆ డబ్బు మున్సిపాలిటీ నుంచి గ్రంథాలయ సంస్థకు చేరేలోపు ఎక్కడో దారి తప్పుతుంది. ఏళ్ల తరబడి బకాయి. రచయిత మాత్రం సంచిలో పుస్తకాలేసుకుని ‘ఈసారైనా కొంటారా’ అని తిరుగుతూనే ఉంటాడు.

డీటీపీ ఆపరేటరుకు, ప్రెస్సుకు, హాలువాడికి, శాలువాల కొట్టుకు, సమోసాలవాడికి, కొరియరుకు, అందరికీ ముట్టింది. ఆ వరసలో రచయిత లేడు. ఈ ఆరుగురి పిల్లలూ హాయిగా చదువుకుంటున్నారు, సాహిత్యం వల్ల సమాజానికి ప్రయోజనం లేదని ఎవరన్నారు?

పాఠక మహాశయా, ఈసారి మీ స్నేహితుడి పుస్తకం వచ్చిందని తెలియగానే “నా కాపీ ఏదోయ్, సంతకం చేసివ్వు” అనకండి. వెల వెనక అట్ట మీద వేసి ఉంటుంది. ఇచ్చి తీసుకోండి.