గది లోపలికొచ్చింది, అడవితో సహా

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఇక్కడ ఎండిన పైన్ ఆకుల్ని మోపులు కట్టి అమ్ముతారు. ఏటా డబ్బులిచ్చి కొనుక్కొచ్చి ఇంటిముందు మొక్కల మొదళ్లలో పరుచుకుంటాం. అలాంటి సరుకుని నేనొకసారి పైసా ఖర్చు లేకుండా, బస్తాడు, నేరుగా మా వంటగట్టు మీద దింపుకున్నాను. ఎలాగని అడక్కండి. అడక్కపోయినా చెబుతాననుకోండి. ఇన్నాళ్లూ దాచుకుని దాచుకుని కడుపుబ్బరం పట్టుకుంది.

దీనికంతటికీ మూలం మా క్యాంపర్, అంటే బండి వెనక తగిలించుకుని తిరిగే చక్రాల ఇల్లు. అసలు దాన్ని ఎందుకు కొన్నానో ముందు ఒప్పేసుకుంటాను. ప్రకృతి మీద ప్రేమతో అని అందరికీ చెప్పాను. అబద్ధం. మా ఆఫీసు పార్కింగులో తెలుగువాళ్ల టెస్లాలు లెక్కపెడితే వేళ్లు చాలవు. నేనూ కొంటే ఆ వరసలో ఇంకొకణ్ణవుతాను, అంతే. పికప్పు వెనక 28 అడుగుల క్యాంపర్ తగిలించుకుని తిరిగేవాడు మాత్రం మనవాళ్లలో ఒక్కడూ లేడు. మొదటివాణ్ణవ్వాలనే దురద మీకూ ఎప్పుడో ఒకప్పుడు పుట్టే ఉంటుంది. నాకు పుట్టినప్పుడు బ్యాంకువాడు అప్పు కూడా ఇచ్చాడు, అదీ తేడా.

అందులో నన్ను పడగొట్టింది స్లయిడ్. బండి ఆగాక మీట నొక్కితే గోడలో ఒక ముక్క సోఫాతో, భోజనాల బల్లతో సహా మూడడుగులు బయటికి జరుగుతుంది. ఇరుకు పెట్టెలాంటి బండి కాస్తా హాలైపోతుంది. బయల్దేరేముందు మళ్లీ నొక్కితే బుద్ధిగా లోపలికొచ్చేస్తుంది. మా బండిలో ఆ పని ఫోన్లోంచి కూడా చెయ్యొచ్చు. నావరకు అది మయసభే. మయసభ అన్నాక దుర్యోధనుడొకడు కావాలిగా, ఆ వేషం నాకే రాసిపెట్టి ఉందని అప్పటికి తెలీదు.

అమ్మినాయన స్లయిడ్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు చూపించాడు. స్లయిడ్ లోపలికొచ్చేటప్పుడు దాని కప్పు మీది నీళ్లని ఈ రబ్బరు పెదవి తుడిచేస్తుందన్నాడు. ఆయన నీళ్లనే అన్నాడు. నేను సర్వాన్నీ అని విన్నాను.

కొన్న ఏడాది అక్టోబరులో రెండు స్నేహితుల కుటుంబాలని వెంటేసుకుని జోర్డాన్ లేక్‌కి వెళ్లాం. మా ఇంటికి అరగంట దూరం. దగ్గర దగ్గర 14 వేల ఎకరాల చెరువు, చుట్టూ అడవి. తెనాలి నుంచి ఆరునెలలు ఉండి పోదామని వచ్చిన మా అమ్మ కూడా మాతోనే. బండి నిలుపుకోవడానికి ఖాళీగా ఉన్న సైట్లలో దట్టంగా చెట్లున్నదాన్ని ఏరికోరి పట్టాను. చెట్టునీడ కనబడితే బండి ఆపే జాతి మనది. అక్టోబరులో అక్కడ నీడతో పనేమిటని మీరడగొచ్చు. పనేం లేదు. అలవాటు.

నెత్తిమీద ఏమున్నాయో మాత్రం చూడలేదు. ఒకపక్క లాబ్లాలీ పైన్ చెట్లు. వాటి ఆకులు ఆకుల్లా ఉండవు, సూదులు. మూడేసి కలిసి, జానెడు పొడవున రాలతాయి. ఆకురాలు కాలంలో రాత్రీ పగలూ తేడా లేకుండా రాలతాయి. ఇంకోపక్క స్వీట్‌గమ్ చెట్టు. దాని కాయలు ఎలా ఉంటాయంటే, ఉమ్మెత్తకాయని ఎండబెట్టి, రేగుపండంత చేసి, కోపం మాత్రం తగ్గించకుండా వదిలేసినట్టుంటాయి. టప్పున కప్పు మీద పడ్డప్పుడల్లా మా అమ్మాయి “డాడీ, ఉడతలు!” అని మురిసిపోయేది. నేనూ మురిశాను.

మా అమ్మ రెండు పూటలా బండి ముందు ఊడ్చేది. ఇండియన్ స్టోర్లో కొన్న కొబ్బరి ఈనెల చీపురు పట్టుకుని, అడవిని ఊడ్చేది. “అమ్మా, ఇది అడవే. ఇక్కడ ఊడవక్కర్లేదు,” అన్నాను. “మనం ఉన్నన్నాళ్లూ ఇది వాకిలేరా,” అంది. స్నేహితుల ముందు కొంచెం తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు తలుచుకుంటే కొట్టాల్సింది నిజంగా ఆ తలనే.

రెండో రోజు సాయంత్రం పక్క సైటు తెల్లగడ్డం తాతగారు వచ్చారు. మా చెట్ల వైపు, మా స్లయిడ్ వైపు చూసి, “లోపలికి తీసుకునేముందు పైకెక్కి ఒకసారి ఊడ్చుకో బాబూ. నిచ్చెన కావాలంటే నాదుంది,” అన్నారు. చాలా థాంక్సండీ అన్నాను. చాలా మర్యాదగా తలూపాను. ఆ తలూపుకి అర్థం మీకు తెలిసిందే: మీ సలహా అందింది, చెత్తబుట్టలో క్షేమంగా ఉంది. అదే ముక్క ఏ టోపీవాడో యూట్యూబులో ఇరవై నిమిషాలు సాగదీసి చెబితే నోట్సు రాసుకునేవాణ్ణి. ఉచితంగా, ఎదురుగా నిలబడి చెబితే ఎలా వింటాం?

ఇందులో ఇంకా పెద్ద సిగ్గుచేటు ఒకటుంది. తెనాలిలో మాది పెంకుటిల్లు. పక్కనే వేపచెట్టు. వానలకి ముందు నాన్న పైకెక్కి, రెండు వాలులు కలిసేచోట పేరుకున్న ఆకుల్ని తీసి కింద పడేసేవాడు. నిచ్చెన పట్టుకునేది నేనే. ఆకులు అడ్డుపడితే నీళ్లు దారి తప్పి పెంకుల కిందికి దూరతాయనీ, ఇంట్లో గిన్నెలు పెట్టుకోవాల్సొస్తుందనీ నాకు ఎనిమిదేళ్ల వయసులోనే తెలుసు. పెంకుటింటికున్న తిప్పలు అమెరికా బండికి ఉండవని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. దాని ధర చెప్పింది, నేను నమ్మేశాను.

శనివారం రాత్రి వాన పడింది. ఆదివారం మధ్యాహ్నం ప్రయాణం. స్నేహితులిద్దరూ సామాన్లు సర్దేసుకుని, “ఏదీ, నీ గది లోపలికెళ్లేది చూపించు,” అన్నారు. వాళ్లడక్కపోతే నేనే పిలిచేవాణ్ణి. మా ఆవిడ లోపల ఫ్రిజ్ పక్కన నిలబడి ఉంది. వంటగట్టు మీద దారిలో తినడానికి పులిహోర బేసిన్. నేను బయట కాస్త కాళ్లు ఎడంగా పెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

“పైన ఊడ్చావా?” అంది అమ్మ.

“దానంతటదే ఊడ్చుకుంటుందమ్మా,” అన్నాను, అందరికీ వినబడేలా.

నొక్కాను. కదిలింది. చప్పట్లు పడ్డాయి. ఒక అడుగు వచ్చిందో లేదో పైనుంచి కరకరమని చప్పుడు, కొత్త బండి కదా కీళ్లు సర్దుకుంటున్నాయిలే అనుకుని నొక్కుతూనే ఉన్నాను, లోపల్నుంచి “ఏమండీ!” అని మా ఆవిడ, ఏమండీ అంటే ఎంత బాగుందో అంటోందనుకుని ఇంకా నొక్కాను, తడిసిన సూదులన్నీ చాపలా చుట్టుకుని సీలు దగ్గర ఆనకట్ట కట్టాయి, దాని వెనక రాత్రి వానంతా నిలబడింది, స్వీట్‌గమ్ కాయ ఒకటి మూలన ఇరుక్కుని రబ్బరుని లోపలికి మడతేసి చీరేసింది, ఆనకట్ట తెగింది, నీళ్లూ సూదులూ కాయలూ కలిసి స్లయిడ్ కప్పు మీదుగా లోపలికొచ్చి వంటగట్టు మీదికి దూకాయి, ఒక కొస లోపలికొచ్చి రెండో కొస రాక స్లయిడ్ మొత్తం ఓ పక్కకి ఒరిగింది, “ఆపండీ!” అంది మా ఆవిడ, నేను ఆపలేదు, మోటారే నాకన్నా తెలివైంది కాబట్టి మూలిగి ఆగిపోయింది.

చప్పట్లూ ఆగిపోయాయి. తలుపులోంచి మా ఆవిడ పులిహోర బేసిన్‌తో బయటికొచ్చింది. పులిహోర నిండా పైన్ సూదులు, కరివేపాకు కాస్త ఎక్కువైనట్టుగా. నడిమధ్యన ఒక ముళ్లకాయ.

ఇక్కడ మీరు నవ్వొచ్చు. మా అమ్మాయి నవ్వింది. స్నేహితులు మాత్రం చెరువు వైపు తిరిగి నిలబడ్డారు. వాళ్ల వీపులు కదులుతుంటే నేనే చూశాను.

తాతగారు ఒక్కమాటైనా ఎత్తిపొడవలేదు. అదే ఎక్కువ బాధ. ముందు స్లయిడ్‌ని వచ్చినదారినే బయటికి పంపించమన్నారు. మడత కాస్త విప్పుకునేలా మెల్లిగా పంపాక, నిచ్చెన వేశారు. ఆయన దగ్గర ఆకులు ఊదే బ్లోయర్ కూడా ఉంది. అది ఎండుటాకులకే, తడిసినవి కప్పుకి కరుచుకుపోతాయి, ఊదితే కదలవు అన్నారు. నేను వీరావేశంతో అమ్మ ఈనెల చీపురు అందుకుని పైకి ఎక్కబోతే చెయ్యి పట్టి ఆపారు. కప్పు రబ్బరుది, గీసుకుపోతుందట. పొడుగు కర్రకి మెత్తని కుచ్చున్న చీపురిచ్చారు. గోడ దగ్గర మొదలుపెట్టి బయటి అంచు వైపే ఊడవాలి, గోడ వైపు ఊడిస్తే చెత్తని మళ్లీ సీలుకే తినిపించినట్టు అన్నారు. చివర్లో మూలలు చేత్తో తడిమి కాయలు ఏరాలి. ఈ పాఠమంతా పావుగంట. ముందురోజే విని ఉంటే కూడా పావుగంటే. లోపల వంటిల్లు అమ్మ ఊడ్చింది, ఈనెల చీపురుతో. నావైపు చూడకుండా ఊడ్చింది. ఆ చూడకపోవడం చూడాలి మీరు.

సీలు మార్పించడానికి ఎంతయిందో మీకు చెప్పను. మా ఆవిడకే పూర్తిగా చెప్పలేదు. అలాగే వదిలేస్తే చినుకు చినుకూ దూరి, నేల కింది చెక్క నాని మెత్తబడిపోతుందని బాగుచేసినవాడు భయపెట్టాడు. ఈసారి బుద్ధిగా భయపడ్డాను.

బుద్ధొచ్చిందనుకుంటున్నారా? స్లయిడ్ పైన గొడుగులా పరుచుకుని, లోపలికొచ్చేటప్పుడు తనే చుట్టుకునే గుడ్డ పందిరి ఒకటుంది, టాపర్ అంటారు. అది బిగించుకుని నిచ్చెన అమ్మేశాను. డబ్బుతో చీపురుని ఓడించడం నా జీవితాశయం అయిపోయింది మరి. పై ఏడాది ఓక్ చెట్టు కింద దిగాం. గుడ్డ మీద వాననీళ్లు నిలిచి పొట్టలా వేలాడింది. ఆ పొట్టలో ఓక్ కాయలు, పుల్లలు. ఒక పుల్ల గుడ్డతోపాటు చుట్టుకుపోయి, చుట్ట విప్పేసరికి వరసగా మూడు చిల్లులు పొడిచింది. అంటే చెత్త నుంచి స్లయిడ్‌ని టాపర్ కాపాడుతుంది. టాపర్‌ని ఎవరు కాపాడాలి? నిచ్చెనెక్కిన మనిషే. అమ్మిన దానికన్నా ఎక్కువ పెట్టి మళ్లీ నిచ్చెన కొన్నాను.

ఇప్పుడు సైటులోకి దిగగానే ముందు తలెత్తి చూస్తాను. స్వీట్‌గమ్ ఉంటే దణ్ణం పెట్టి పక్కకి పోతాను. రాత్రికి వాన అంటే, పొడిగా ఉండగానే ఊడ్చి స్లయిడ్ లోపలికి లాగేసి, ఆ ఇరుకులోనే పడుకుంటాం. టాపర్ మీద ఒట్టి నీళ్లే నిలిస్తే, స్లయిడ్‌ని కాస్త లోపలికి లాగితే వాటంతటవే జారిపోతాయి. పుల్లలూ కాయలూ ఉంటే మాత్రం నిచ్చెనే.

మొన్న వసంతంలో పక్క సైటులోకి కొత్త క్యాంపర్ వచ్చింది. తెలుగు కుర్రాడు, చేతిలో ఫోను. సరిగ్గా ఓక్ చెట్టు కిందే ఆపాడు. వెళ్లి, “లోపలికి తీసేముందు పైన ఒకసారి ఊడ్చుకోండి, నా దగ్గర నిచ్చెనుంది,” అన్నాను. “థాంక్సండీ,” అని చాలా మర్యాదగా తలూపాడు.

ఆ తలూపు నాకు తెలుసు. నిచ్చెన తెచ్చి దగ్గర్లో చెట్టుకి ఆనించి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను.