శివరాత్రి దాటాక సాగర్‌కి

నేను ఇత్తడి చక్రాన్ని. గాలం కర్ర మొదట్లో బిగించి దారం చుట్టుకునే చక్రం. ఇప్పుడందరూ రీల్ అంటున్నారు. అఫ్జల్‌గంజ్‌లో, స్టేట్ సెంట్రల్ లైబ్రరీ వెనక గల్లీలో, ఒక పాత మేడమీది వంటింట్లో బియ్యం డబ్బా పక్కన మేకుకి వేలాడుతుంటాను.

నలభై ఏళ్ల కిందట జుమ్మేరాత్ బజార్‌లో, తుప్పు తాళాల మధ్య, ఆగిపోయిన గడియారాల మధ్య, గోనెపట్టా మీద పడి ఉంటే తాత నన్ను ఏరుకున్నాడు. తాతంటే ఇప్పటి ఇంటాయన తండ్రి. బేగంబజార్‌లో తాళ్ల దుకాణంలో పనిచేసేవాడు. నాకు బ్రేకు లేదు. చేప లాగినప్పుడు దారం ఎంత పోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది నన్ను పట్టుకున్నవాళ్ల బొటనవేలే. నా అంచును మరీ నొక్కితే దారం పుటుక్కున తెగుతుంది. మరీ వదిలేస్తే చిక్కుపడుతుంది. అందుకే మనుషులను నేను వేళ్లతో గుర్తుపడతాను. కొబ్బరితాళ్లు కొలిచి కొలిచి తాత వేలు గరుకెక్కింది. అయినా నా మీద ఎంత మెత్తగా పడేదో! అలాంటి వేలు మళ్లీ దొరకలేదు.

ఆదివారాలు తాత, పక్క గల్లీ చాచా కలిసి హిమాయత్‌సాగర్‌కు నన్ను తీసుకుపోయేవాళ్లు. చాచా దాన్ని ‘షికార్’ అనేవాడు. చేప కొరకని పొద్దుల్లో తాత మూసీ కథ చెప్పేవాడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ అఫ్జల్‌గంజ్‌ను ముంచేసింది. వేలమంది పోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ వరద మళ్లీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మా ఇంటి ముందునుంచి పారే మూసీలో కలిసే ఈసీ ఏటిని పైన ఆపితే నిలిచిన నీళ్లలోనే నేను దారం వదలడం నేర్చుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఇరుసు జలదరిస్తుంది.

తాత పోయాక చాలా ఏళ్లు మేకుకే ఉన్నాను. పోయిన సంక్రాంతికి ఇంటాయన మేనల్లుడు టెక్సాస్ నుంచి వచ్చి, అరచేతిలో ఇమిడే ఒక రబ్బరు కప్పను బల్ల మీద పెట్టాడు. అక్కడ లేక్ ఫోర్క్ అని పెద్ద రిజర్వాయరు ఉందట. లార్జ్‌మౌత్ బాస్ అనే చేపకు పేరుపొందిన నీళ్లు. ఆ చేప గడ్డిలో పొంచి ఉండి, పైన కదిలే కప్పను ఒక్క దూకుతో మింగుతుంది. అది విని పదకొండేళ్ల పాప అంది: “మన కొర్రమట్ట కూడా గంతే కదా నాన్నా!”

నిజమే. పుస్తకాల్లో కొర్రమీను, మా ఇంట్లో కొర్రమట్ట. 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయింది. పాము తల, నాచు మచ్చల ఒళ్లు. నీళ్లలో ఉన్న గాలి దానికి చాలదు, మధ్యమధ్యలో పైకొచ్చి ఒక గుటక గాలి మింగి పోతుంది. ఆ గుటక చప్పుడు విన్నవాడికే చేప ఎక్కడుందో తెలుస్తుంది. తాతకు తెలిసేది. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వారు ఉబ్బసానికి మందు వేసేది దీని పిల్లల నోట్లో పెట్టే.

ఆ రాత్రే నిర్ణయం జరిగింది. ఈసారి చిన్న నీళ్లు కాదు, నాగార్జునసాగర్.

నన్ను మేకు మీంచి దించారు. కిరసనాయిలులో నానబెట్టారు. పాత పళ్లపుల్లతో పళ్ల సందుల జిడ్డు తీశారు. ఇరుసుకు రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేశారు. పాత దారం ముట్టుకుంటేనే పొడిలా రాలిపోయింది. కొత్త నైలాన్ దారం చుట్టడానికి పాప పెన్సిల్‌కు ఉండ గుచ్చి పట్టుకుంది, ఇంటాయన తిప్పాడు. ఎన్నో ఏళ్ల తర్వాత నా టిక్కుటిక్కు మళ్లీ వినిపించింది.

ఇక లెక్కలు. ఇంటాయనకు తొందర ఎక్కువ, వచ్చే ఆదివారమే పోదామన్నాడు. చాచా వద్దన్నాడు. ఎనభై దాటిన మనిషి మెట్లెక్కి వచ్చి మరీ చెప్పాడు: “చలిల కొర్రమట్ట అడుగున పండుకుంటది బేటా, కప్ప మీదికి లేవదు. శివరాత్రి దాటనీ. వానాకాలం మాత్రం పోకు. అది పిల్లలు చేసే కాలం.”

పిల్లల సంగతి నేను హిమాయత్‌సాగర్‌లో చూశాను. నీటి మీద కుంకుమ చల్లినట్టు ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే, కిందే తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. అప్పుడు ఏం వేసినా కోపంతో కొరుకుతాయి. పట్టడం అంత తేలిక ఇంకెప్పుడూ ఉండదు. పెద్దది గాలానికి చిక్కితే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలు. తాత ఆ గుంపును చూసిన ప్రతిసారీ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు, దారం విసిరేవాడు కాదు. ఆ కూర్చోవడమే నాకు తాత గురించి అన్నిటికన్నా గట్టిగా గుర్తుంది.

లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్ దొరికితే నీళ్లలోకి వదిలేయాల్సిందేనట. మేనల్లుడు ఫోన్‌లో ఆ సంగతి చెబితే పాప తన నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద రాసుకుంది: ‘పిల్లలున్న చేప – వెయ్యద్దు. ఇంటికి ఒక్కటే.’

రెండో పేజీ నుంచి మట్టాలు. రోజూ పేపర్లో సాగర్ నీటిమట్టం చూసి ఎక్కిస్తోంది. నిండితే 590 అడుగులు. పొలాలకు వదిలేకొద్దీ దిగుతూ పోతుంది. అడుగు దిగితే ఏమవుతుందని పాప అడిగితే, చాచా పళ్లెంలో నీళ్లు పోసి వంచి చూపించాడు. గోడలాంటి ఒడ్డు దగ్గర అడుగంటే అడుగే. వాలు తక్కువున్న చోట నీళ్లు ఎంతో దూరం వెనక్కి పోతాయి. నిన్న చేప పొంచిన గడ్డి ఇవాళ ఎండలో ఉంటుంది, దాని ముందు మోకాలిలోతు బురద మిగులుతుంది. “నీళ్లు దిగుతుంటే ఒడ్డు కూడా నడుస్తది,” అన్నాడు. మట్టం గబగబా పడే వారం కాకుండా, నిలకడగా ఉన్న వారం చూసి పొమ్మన్నాడు. పాప దగ్గర ఇప్పుడు ఇరవై మూడు రోజుల అంకెలున్నాయి. గత వారంగా అవి పెద్దగా కదల్లేదు.

ఎక్కడ దిగాలన్నది ఇంటాయన తేల్చాడు. ఆనకట్ట దగ్గర కాదు, వెనక నీళ్ల దగ్గర. నల్గొండ జిల్లా నేరేడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ ఉంది. విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడ్డ జాలరి కుటుంబాల ఊరు. హైదరాబాద్ నుంచి జనం వేయించిన చేప తినడానికే అక్కడికి పోతుంటారు. ఇమ్లీబన్ బస్టాండులో దేవరకొండ బస్సెక్కితే ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా పోతుంది. ఆ తర్వాత ఆటో. ముందు ఊరి జాలర్లతో మాట్లాడాలి, వాళ్ల అనుమతి దొరికాకే గాలం తీయాలి. ఆ నీళ్లే వాళ్లకు పొలం. వాళ్ల వలలున్న వైపు దారం విసరకూడదు. రిజర్వాయరు ఒడ్డు చాలాచోట్ల పులుల అభయారణ్యంలో ఉంది, అటు పోకూడదు. మొసళ్లున్న నీళ్లు కాబట్టి పాప పాదం కూడా తడవకూడదు. ఈ చివరి మాట వాళ్లమ్మ తన చేత్తో రాసింది, కింద రెండు గీతలు కొట్టింది.

రేపు తెల్లవారుజామున బయలుదేరుతున్నారు. సంచిలో జొన్నరొట్టెలు, పచ్చి టమాట తొక్కు, గాలాలు గుచ్చిన బెండుముక్క, కటింగ్ ప్లయర్, పాప టోపీ. నేను తాత పాత కండువాలో చుట్టి ఉన్నాను.

పడుకోబోతూ పాప నన్ను విప్పి స్నానాలగది గడప దగ్గర కూర్చుంది. బకెట్ నింపి రబ్బరు కప్పను వదిలింది. అది తేలింది. బొటనవేలు నా అంచు మీద పెట్టి కొంచెం కొంచెంగా దారం ఇచ్చింది. ఆ వేలు సన్నగా, సబ్బు వాసనతో ఉంది, ఇంకా నొక్కు తెలియదు. రెండోసారికి కొద్దిగా తెలిసింది.

“నాన్నా, మన నల్లాల కృష్ణా నీళ్లు ఏడికెల్లి వస్తయి?”

“సాగర్ కెల్లే బిడ్డా. పుట్టంగండి కాడ మోటార్లతోని ఎత్తి పంపుతరు. నువ్వు పుట్టకముందు, 2004ల మొదలైంది.”

పాప కాసేపు బకెట్‌లోకి చూసింది. తర్వాత కప్పను తీసి ఆరబెట్టి, ఆ నీళ్లు పారబోయకుండా కిటికీలోని తులసికుండీకి పోసింది. నన్ను మళ్లీ కండువాలో చుట్టి, దిండు పక్కన పెట్టుకుంది.