రాజుగారి ఇల్లు బాబాయికి నచ్చలేదు

జనం కోటలకీ రాజమహళ్ళకీ వెళ్ళేది చరిత్ర తెలుసుకోవడానికని పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళ నమ్మకం. నాకు మాత్రం మనం వెళ్ళేది ఇల్లు అద్దెకు చూడ్డానికే అనిపిస్తుంది. టికెట్టు చింపించుకుని లోపల అడుగుపెట్టామో లేదో నీళ్ళొస్తాయా, గాలి ఆడుతుందా, బీరువా ఎక్కడ పడుతుంది అని మొదలెడతాం.

మా బాబాయి ఈ విద్యలో ఆరితేరినవాడు. రాజమండ్రి నుంచి ఎప్పుడొచ్చినా హైదరాబాదులో ఏదో ఒక రాజుగారి ఇల్లు చూపించాల్సిందే.

పురానీ హవేలీలో ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా ఉంది. హాలు పొడవునా, రెండంతస్తుల ఎత్తున సాగుతుంది. పైఅంతస్తుకి వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. ఆయన కట్టిన బట్ట మళ్ళీ కట్టేవాడు కాదని చెబుతారు. పిన్ని ఆ బీరువాని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, "ఏమండీ..." అంది. "ఇక్కడ గాలి ఆడట్లేదు, పదవే" అని బాబాయి బయటికి నడిచాడు.

ఫలక్‌నుమా మహలుని నిజాము కొలువులోని వికారుల్ ఉమ్రా కట్టించాడు. 1884లో మొదలుపెడితే పూర్తవడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. కట్టినవాడికి అప్పులు మిగిలాయనీ, మహలు చివరికి నిజాముకి దక్కిందనీ కథ. ఇప్పుడది హోటలు. భోజనాల బల్ల దగ్గర ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. "అంతమందికి వడ్డించేదెవరు?" అని పిన్ని, "ఆ అప్పుకి వడ్డీ ఎంత?" అని బాబాయి.

గోల్కొండలో పరీక్ష ఇంకా గట్టిగా జరిగింది. కోట ద్వారం దగ్గర గుమ్మటం కింద గైడు చప్పట్లు కొట్టి, ఈ చప్పుడు కొండమీద బాలాహిసార్ దాకా వినిపిస్తుందన్నాడు. "అంటే వీధిగుమ్మంలో మనం గొణుక్కునేదంతా పైవాటావాళ్ళకి తెలిసిపోతుంది. మీ పిన్నితో ఇక్కడ కాపురం కష్టంరా" అన్నాడు బాబాయి.

నీళ్ళ ఏర్పాటు మాత్రం నచ్చింది. కరెంటూ మోటారూ లేని రోజుల్లో చక్రాలతో నీళ్ళు తోడి, ఒక తొట్టిలోంచి ఇంకా ఎత్తులో ఉన్న తొట్టిలోకి అంచెలంచెలుగా ఎక్కించి, మట్టిగొట్టాల్లో మహళ్ళకి పంపేవారు. "మీ అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తుకే ఎక్కవు కదరా!" అన్నాడు. గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీలకి అసోసియేషన్ మీటింగులు లేవు బాబాయ్ అన్నాను.

ఇక కాపలా. ఏనుగులు కుమ్మకుండా తలుపులకి ఇనుప మేకులు, చుట్టూ కందకం, ఒకదాని వెనక ఒకటిగా గోడలు. 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి చుట్టుముట్టి కూర్చున్నా ఆ గోడల్ని కూల్చి లోపలికి రాలేకపోయింది. చివరికి లోపలివాడే ఒకడు లంచం తిని తలుపు తీశాడు. కుతుబ్‌షాహీల్లో ఆఖరివాడైన తానీషా రాజ్యం అక్కడితో సరి. బాబాయి తలుపు మేకు ఒకటి తడిమి చూసి తీర్పు చెప్పాడు: "గోడలెంత ఎత్తుంటే ఏం లాభం? వాచ్‌మన్‌కి జీతం సరిగ్గా ఇవ్వాలి." నేను చదివిన ఏ చరిత్ర పుస్తకమూ గోల్కొండ పతనాన్ని ఇంత క్లుప్తంగా చెప్పలేదు.

కాబట్టి కోటలకి అద్దెకు చూసినట్టే వెళ్ళండి, తప్పేం లేదు. తొట్లు చూస్తే ఇంజనీర్లు కనిపిస్తారు, తలుపులు చూస్తే యుద్ధాలు కనిపిస్తాయి. ఒక్కటే మనవి: అద్దెకు చూడ్డానికి వెళ్ళిన ఇంట్లో ఎవరూ గోడమీద మేకుతో తమ పేరూ, పక్కన ప్రేమించిన పిల్ల పేరూ చెక్కి రారు. కోటలోనూ ఆ మర్యాద పాటించండి.