నీలి సాలీడు విక్రయ ప్రకటనకు చిల్లకూరు టీక

మూలం: నీలి సాలీడు పిల్ల అమ్మబడును. మన ఆంధ్ర జాతి. పెంపకం సులభం. తిండి ఖర్చు శూన్యం.

టీక: నీలి సాలీడు = పొయిసిలోథీరియా మెటాలికా అనెడి టరాంటులా, గుత్తి పేరిట లోకప్రసిద్ధి గలది; పిల్ల = అసలు రంగు ఇంకా తేలనిది; సులభం = అమ్మువానికి; శూన్యం = కొన్నవాడు లెక్క రాయనంతవరకు; అమ్మబడును = కర్త లోపించిన క్రియ. అమ్మేవాడెవరో చెప్పకుండా అమ్మడానికి కర్మణి ప్రయోగాన్ని మించిన సాధనం లేదు.

తాత్పర్యం: ప్రకటన తిండి గురించి చెప్పింది సగం నిజమే. ఎదిగిన సాలీడుకు వారానికొక కీచురాయో బొద్దింకో చాలు. కుబుసం విడిచే ముందు అసలు ముట్టదు; అప్పుడు జాలిపడి డబ్బాలో వదిలిన పురుగు, ఒళ్లు మెత్తబడిన సాలీడునే కొరుకుతుంది. చిల్లకూరులో పురుగులకేం కరువని నవ్వకండి. వరిచేలో, నిమ్మతోటలో దొరికిన మిడత పురుగుమందు తిన్నదై ఉండొచ్చు. వంటింటి బొద్దింక మీద రాత్రే స్ప్రే కొట్టి ఉండొచ్చు. ఆ విషం సాలీడుకూ విషమే. కాబట్టి సాలీడును పెంచదలచినవాడు ముందు బొద్దింకలను పెంచాలి. ఇంట్లోవాళ్ల సమ్మతి ఈ శాస్త్ర పరిధిలోకి రాదు గనక వదిలేస్తున్నాను. ఇవన్నీ ఓపికతో తీరే కష్టాలు. కొనడంలోని కష్టం ఓపికతో తీరదు. 1899లో పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త ఈ జాతికి పేరుపెట్టింది గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక్క నమూనాను చూసి. ఆ తర్వాత వందేళ్లకు, 2001లో, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. దాని ఉనికి తెలిసిన చోటంతా కలిపినా 100 చదరపు కిలోమీటర్లు లేదు. చెట్టు తొర్రల్లో బతికే ప్రాణి. కలపకనీ వంటచెరకుకనీ చెట్టు కొట్టేస్తే నిలువనీడ పోయినట్టే. 2008లో ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. 2019లో ఈ ప్రజాతి మొత్తం, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధానికెక్కింది.

పూర్వపక్షం: మన ఆంధ్ర జాతిని ఆంధ్రుడు పెంచుకుంటే తప్పేమిటంటారు. ఆ లెక్కన కొల్లేటి కొంగలనూ ఇంటికి తెచ్చుకోవాలి. రెండో వాదం బలమైనది: ఐరోపా, అమెరికాల్లో వీటికి ఇళ్లలోనే పిల్లలు చేయించి అమ్ముతున్నారు, దానితో అడవి మీద ఒత్తిడి తగ్గదా? అక్కడ తగ్గొచ్చు. అక్కడివాడికి అడవి సముద్రాల అవతల ఉంది, కాబట్టి డబ్బాలో పుట్టినదే చవక. మనకు గిద్దలూరు ఒక రాత్రి బస్సు ప్రయాణం. ఇక్కడ చెట్టు బెరడు ఊడదీసి పట్టుకొచ్చిందే చవకపడుతుంది. పట్టింది ఏదో, పుట్టింది ఏదో చూస్తే తెలియదు. పుట్టుక చెప్పే కాగితమే ఆధారం. ఆ కాగితం ఊసు మూలంలో ఎక్కడా లేదు.

సిద్ధాంతం: సైటిస్ జాబితాకెక్కిన ఇలాంటి ప్రాణిని ఎవరికీ చెప్పకుండా ఇంట్లో పెట్టుకోవడానికి 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. కాగితం చూపనివాడి దగ్గర కొనకండి. అడవిలో పట్టి అమ్ముతున్నట్టు తోస్తే అటవీశాఖకు చెప్పండి.