అమ్మ మోకాళ్లు, నా హార్స్‌పవర్

2018లో మిత్సుబిషీ ఎక్లిప్స్ క్రాస్ అమెరికా రోడ్ల మీదికి వచ్చినప్పుడు నేను దాన్ని తిట్టని రోజు లేదు. మేముండేది ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో. దాన్ని ఆనుకునే నార్మల్ ఊరు. ఆ పేరును మొదట మోసిన ఎక్లిప్స్ స్పోర్ట్స్ కారు తయారైంది అక్కడి ఫ్యాక్టరీలోనే. అందులో 1997 మోడల్ జీఎస్ఎక్స్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని ప్రాణంగా చూసుకునేవాణ్ణి. 2011లో ఆ కారు తయారీ ఆగింది, 2015లో ఆ ఫ్యాక్టరీలో మిత్సుబిషీ పనే ఆగిపోయింది. అలాంటి పేరును జపాన్‌లో తయారైన ఎత్తైన క్రాసోవర్ బండికి తగిలించారని నాకు కడుపుమంట.

కాగితం మీద గెలుపు నాదే. నా జీఎస్ఎక్స్‌ది రెండు లీటర్ల టర్బో ఇంజిన్, 210 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి, చేత్తో మార్చుకునే ఐదు గేర్లు. కొత్తదానిది ఒకటిన్నర లీటరు, 152 హార్స్‌పవర్, అసలు గేర్లే లేని సీవీటీ. 3000 ఆర్‌పీఎం దగ్గర టర్బో అందుకుని వీపును సీటుకు అదిమేస్తుందే, ఆ సంతోషం నిజమైనది. ఈరోజుకీ దాన్ని తక్కువ చేయను.

మా ఆవిడ ఈ అంకెల జోలికి పోలేదు. "అత్తయ్యగారు వస్తున్నారు కదండీ, ఎక్కి దిగడానికి వీలుగా ఉంటుంది, ఒకసారి చూసొద్దాం" అంది. "ఆ పేరు దొంగిలించిన బండి మన వాకిట్లోకి రాదు" అన్నాను.

అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. జీఎస్ఎక్స్ సీటు నేలకు బాగా దగ్గర. కూర్చోవాలంటే తలుపు పట్టుకుని ఒక్కసారిగా కిందికి జారాలి. లేవాలంటే పూర్తిగా మడిచిన మోకాళ్ల మీదే ఒళ్లంతా పైకెత్తాలి. మా ఆవిడ సెడాన్‌ కూడా దీనికి పెద్ద మెరుగేం కాదు. అరోరా బాలాజీ గుడికి మాకు రెండు గంటల దారి. మొదటిసారి అమ్మ వచ్చింది. పార్కింగ్‌లో దిగేటప్పుడు పళ్లు బిగబట్టడం చూశాను కూడా. ఆ తర్వాత అడిగితే "మీరెళ్లి రండి నాయనా, నాకు ఓపిక లేదు" అనేది. వయసు అనుకున్నాను, చలి అనుకున్నాను. ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది నా పంతమని ఒక్కసారైనా తోచలేదు.

క్రాసోవర్ ఎత్తును నేను ఫ్యాషన్ కింద కొట్టిపారేశాను. ఆ సీటు నిలబడ్డ మనిషి తుంటికి దగ్గరగా ఉంటుంది. పైకి ఎక్కక్కర్లేదు, కిందికి దిగబడక్కర్లేదు, పక్కకి తిరిగి కూర్చుంటే చాలు. ఇంజిన్ చిన్నదే, కానీ దాని టార్క్ 2000 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా అందుతుంది. నలుగురు కూర్చుని సామాన్లు వేసుకున్నప్పుడు పనికొచ్చేది అదే. ఇదంతా బ్రోషర్‌లోనే ఉంది. నేను చూసింది 152 ఒక్కటే.

అమ్మ తిరిగి వెళ్లాక ఆ బండే కొన్నాం. రెండోసారి వచ్చినప్పుడు శనివారం వస్తే చాలు, "అరోరా వెళ్దామా?" అని తనే అడిగేది. సీవీటీలో ప్రాణం లేదన్న నా అభిప్రాయం మారలేదు. జీఎస్ఎక్స్‌ను అమ్మలేదు, అమ్మను. వాకిలి గురించి అన్న మాట మాత్రం తప్పని మా ఆవిడతో ఒప్పుకున్నాను. అమ్మ ఇంట్లోనే కూర్చుండిపోయిన ఆ చలికాలం గురించి ఆమెతో ఇంకా మాట్లాడలేదు. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి.